రెండో సంతకం

నీళ్ళు ఇంకా రావాలి. పాత జెట్టీ స్తంభాల మీద నాచు గీసిన పచ్చగీత దాకా రావాలంటే ఇంకో గంట పడుతుంది. ఆ గంటలో బావగారు తనంతట తాను నోరు విప్పి చెప్తే సరేసరి, చెప్పకపోతే కోటు జేబులో నాలుగు మడతలు పెట్టి ఉంచిన కాగితం తీసి ఆయన చేతిలో పెట్టేయడమే, ఇందులో రెండో మాట లేదు అని ఆమె రేవు గోడ మీద కూర్చుంటూనే తీర్మానించుకుంది. తీర్మానాలు చేసుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. నిన్న మధ్యాహ్నం ల్యాబులో ఆ కవరు చింపిన క్షణం నుంచి ఇప్పటికి పదిహేను చేసింది. ఈసారి రానని ఫోన్ చేసెయ్యాలని, అక్క ఇంటికెళ్ళి గుమ్మంలోనే ఇద్దర్నీ కడిగిపారెయ్యాలని, అసలేమీ తెలియనట్టే ఉండిపోవాలని. తెల్లారేసరికి మాత్రం ప్రతి చలికాలం లాగే బైనాక్యులర్ మెడలో వేసుకుని, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, సందు చివర ఆయన స్కూటర్ కోసం నిలబడింది. ఆయన వచ్చాడు, ఆమె ఎక్కింది. దారంతా ఆయన వీపు వెనక కూర్చుని, ఈ వీపు చూస్తే అబద్ధాలాడే మనిషి వీపులా లేదే అనుకుంది. వీపులు మాత్రం ఏం చెప్తాయి పాపం.

బావగారంటే అక్క మొగుడు. ఊరి నడిమధ్య కూడలిలో నాలుగడుగుల వెడల్పు కొట్లో గడియారాలు బాగుచేస్తాడు. కుడికంటికి బిగించుకునే భూతద్దం నలభై ఏళ్ళుగా ఆ కంటి చుట్టూ ఒక గుండ్రటి ముద్ర వేసేసింది. సెలవు రోజు కూడా ఆ ముద్ర చెరగదు, అందుకే మనిషి ఎప్పుడూ లోకాన్ని ఒక కంటితో కాస్త దగ్గరగా చూస్తున్నట్టుంటాడు. ఆమె పని రక్తపరీక్షల ల్యాబులో, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టడం. ఒకరివి పళ్ళచక్రాలు, ఒకరివి రక్తకణాలు, సెలవు దొరికితే ఇద్దరికీ పిట్టలు, మీ ఇద్దరికీ ఎంచడం తప్ప ఇంకో పని చేతకాదా అని అక్క దెప్పుతూ ఉంటుంది. చలికాలంలో ఎక్కడో ఉత్తరం నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చి ఈ రేవు బురదలో దిగే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలని ఏడాదికొక్కసారి, ఒక్క రోజున, లెక్కపెట్టాలి. నీళ్ళు తీసి ఉన్నప్పుడు అవి మైలు పొడవు బురద మీద చెల్లాచెదురుగా పరుగులు పెడుతుంటాయి, ఎంచడం ఎవరి తరమూ కాదు. పోటెత్తి బురదంతా మునిగాక మాత్రం గత్యంతరం లేక అన్నీ పాత జెట్టీ మీదికి చేరి కిక్కిరిసి నిలబడతాయి, అప్పుడు ఎంచాలి. ఇద్దరు మనుషులు, విడివిడిగా. పూర్తయ్యేదాకా ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. రెండు అంకెల తేడా పదో వంతు లోపుంటే సగటు వేసి రాసుకోవచ్చు, దాటితే ఆ లెక్క చెల్లదు. పందొమ్మిది చలికాలాలుగా వాళ్ళిద్దరి లెక్కా చెల్లుతూనే ఉంది. అంకెలన్నీ ఒకే లావుపాటి రిజిస్టరులో, ఎడమ గడిలో ఆమెవి, కుడి గడిలో ఆయనవి. ఇంత దగ్గరగా అంకెలు కలిసే జంట ఈ తీరం మొత్తం మీద ఇంకోటి లేదని పక్షి సంఘం పెద్దాయన ఏటా అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె లోలోపల పొంగిపోయేది. ఇద్దరు మనుషుల కళ్ళు అలా కలవడమంటే మాటలా అనుకునేది.

"కప్పు పట్టు. వేళ్ళు కొంకర్లు పోతే పెన్సిలెలా పట్టుకుంటావు?" అంటూ ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. పట్టుకుంది. ఎప్పటి టీయే, అల్లం కాస్త ఎక్కువైన టీ, ఎప్పటిలాగే ముందు ఆమెకి, తర్వాత ఆయనకి. వెనకాల చేపలకి ఐసు చేసే మంచు మర వాళ్ళు దిమ్మెలు పగలగొడుతున్నారు. కట్టేసిన మరపడవ ఒకటి గోడకి ఒరుసుకుని కిర్రుమంటోంది, దాని మీద ఒకాయన వల మోకాళ్ళ మీద పరుచుకుని చిరుగులు వెతుకుతున్నాడు. తెల్లకొంగ ఒకటి ఆ పడవ అంచునే నిలబడి ఆయన తనకే ఏదో పెట్టబోతున్నాడన్న నమ్మకంతో చూస్తోంది. నమ్మకమంటే అలా ఉండాలి, మెడ చాచి, ఒంటికాలి మీద. ఆమె టీ తాగింది. జేబులోని కాగితంలో ఎనిమిదే ఎనిమిది వరుసలు, నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా అప్పజెప్పగలదు.

సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. పాత రికార్డులన్నీ మళ్ళీ అచ్చు వేస్తున్నాం, అందుకని ఒక్కో అరుదైన పిట్ట గురించీ అప్పటి సాక్షుల్ని మళ్ళీ అడుగుతున్నాం, మీరు చూసిందాన్ని ఇప్పటికీ ఖాయం చేస్తున్నారా అని అందరికీ ఉత్తరాలు రాశాడు. ఆమె మర్నాడే జవాబు రాసేసింది, ఖాయం చేస్తున్నాను అని, కింద గీత కూడా గీసి. బావగారు మూడు వారాలు ఆగి రాశాడు. ఆ జవాబు నకలు కార్యదర్శి ఆమెకి పంపించాడు, దీని మీద మీ అభిప్రాయం తెలుపగలరు అని అంచున మర్యాదగా ఒక ముక్క చేర్చి. ఆయన రాసిన ఎనిమిది వరుసలూ ఇవీ: ఆ రోజు మేము చూసింది గరిటెముక్కు ఉల్లంకి కాదు, మామూలు చిన్న ఉల్లంకి. ముక్కు కొసకి బురద ముద్ద అంటుకుని వెడల్పుగా కనిపించింది. ఆమె తల వంచి రాసుకుంటున్నప్పుడు అది రాతికి ముక్కు రుద్దుకుంది, బురద రాలిపోయింది, నేను చూశాను. రెండో సాక్షిగా పెట్టిన సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఆలస్యానికి క్షమించగలరు. ఆలస్యమట. పదకొండేళ్ళు. గోడ గడియారం రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చినా గిరాకీకి ఇంతకంటే పెద్ద క్షమాపణ చెప్పే మనిషి.

గరిటెముక్కు అంటే మాటలు కాదు. పిచ్చుకంత పిట్ట, ముక్కు చివర మాత్రం ఎవరో చిన్న గరిటె అతికించినట్టు వెడల్పు. లోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయంటారు. జీవితమంతా బురదలో మోకాళ్ళ మీద పాకినా ఒక్కసారి కూడా చూడకుండానే పోయినవాళ్ళున్నారు. ఒకరు చూశామంటే సంఘం నమ్మదు, ఇద్దరు చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ చలికాలం ఆమె ఉన్న స్థితిలో గరిటెముక్కు కాదు కదా గరుత్మంతుడే వచ్చి ఎదుట వాలినా తల ఎత్తేది కాదు. మొగుడు వదిలేసి అప్పటికి ఐదు నెలలు. వదిలేయడం కాదు, అది ఎలాగోలా మింగచ్చు, ఆయనగారికి ఇంకో ఇల్లుందని ఆయన ఆఫీసులో అందరికీ తెలుసు, ఇంటి ఓనరుకి తెలుసు, మెట్ల కింద ఇస్త్రీ చేసేవాడికి తెలుసు, చివరికి ఆడపడుచుకి తెలిసి కూడా వచ్చి భోంచేసి, వదినా కూర బావుంది అని మెచ్చుకుని వెళ్ళింది. తెలియనిది ఒక్క ఆమెకే. అందరూ తనని చూసి ముఖం తిప్పుకున్న ఏడాదిన్నరని తను మర్యాద అనుకుంది. అక్కా బావా వచ్చి, రెండు పెట్టెల్లో ఆమె సామాను సర్ది, తీసుకొచ్చేశారు. ఆ రాత్రి అన్నాల దగ్గర బావగారు, రోజుకి పాతిక మాటలకి మించి ఖర్చుపెట్టని మనిషి, కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు, మేమిద్దరం మాత్రం నీ దగ్గర ఏదీ దాచం అని. ఆమె ఆ మాటని పట్టుకుని లేచి నిలబడింది. ఇంకేమీ లేదు అప్పుడు పట్టుకోవడానికి.

తర్వాత ఆ రోజు. దాన్ని కాస్త బయటికి తీసుకెళ్ళండీ అని అక్క పోరితే వచ్చారు. ఇదే గోడ. ఎండ వెనక నుంచి పడుతోంది, నలభై అడుగుల దూరంలో బురద మీద ఏడో ఎనిమిదో చిన్న ఉల్లంకులు, వాటిలో ఒకటి తిన్నగా ఆమె వైపు తిరిగింది. గరిటె కనిపించింది. నల్లగా, మెరుస్తూ, వెడల్పుగా. ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది, బావగారూ అటు చూడండి, అంది, నవ్వింది, నవ్వుతున్నానని తనకే ఆలస్యంగా తెలిసింది. ఆయన బైనాక్యులర్ ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె ఈలోపు తల వంచి గబగబా రాసుకుంది, సమయం, గాలి, వెలుతురు, ముక్కు కొలత, కాళ్ళ రంగు. తల ఎత్తేసరికి పిట్టలు లేచిపోయాయి. ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి వేసి ఒకసారి తట్టాడు. అభినందన అనుకుంది. పదకొండేళ్ళు దాన్ని అభినందన అనే అనుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి బరువు గుర్తొస్తుంటే, జబ్బుపడ్డవాళ్ళ నెత్తి మీద కూడా అలాగే కదా వేస్తారు అనిపిస్తోంది. అయినా నేను చూశాను, నా కళ్ళతో చూశాను, అని మళ్ళీ ఆ పిట్టని పిలిచి ఎదురుగా నిలబెట్టుకుంది. రోజూ పిలుస్తూనే ఉండేది, రాత్రి నిద్ర పట్టకపోతే పిలిచేది, అది వచ్చి తిన్నగా తిరిగి గరిటె చూపించి వెళ్ళేది. ఇవాళ కూడా వచ్చింది. తిరిగింది. గరిటె అంచులు మాత్రం సమంగా లేవు. ఒక పక్క తడిగా కిందికి జారుతున్నట్టుంది. కాదు, అలా లేదు, నిన్నటి దాకా అలా లేదు, ఈ కాగితం చదివాకే అలా అయింది అని ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఒక మాట అడగాలనుకుంటున్నాను, ఏమీ అనుకోవుగా?" అన్నాడు ఆయన ఉన్నట్టుండి.

ఆమె నీళ్ళ వైపు చూసింది, పచ్చగీతకి ఇంకా రెండు జానల కింద ఉన్నాయి. చెప్తున్నాడు, గడువు లోపే చెప్తున్నాడు, చెప్తే క్షమించేస్తుంది, ఆ క్షణంలో ఆమెకి అది అద్దంలో కనిపించినంత స్పష్టంగా తెలిసింది, అరిచినా ఏడ్చినా చివరికి క్షమించేస్తుంది. "అడగండి," అంది.

"మీ అక్క మోకాలికి ఆ డాక్టరు ఇచ్చిన బిళ్ళలు వేసుకుంటే కడుపులో మంటంటోంది. మీ ల్యాబుకొచ్చే పెద్ద డాక్టర్ని ఒకసారి అడుగుతావా?"

"అడుగుతాను," అంది. ఇంకేమంటుంది. బిళ్ళలు, మోకాలు, మంట. మంట ఎక్కడుందో ఈయనకేం తెలుసు. తెల్లకొంగ విసుగు పుట్టి ఎగిరిపోయింది. వల బాగుచేసే ఆయన దారాన్ని పంటితో కొరికి, మెడ పక్కకి విరుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. రేవు గేటు దగ్గర బోర్డు ఇక్కడికి కూడా కనిపిస్తుంది, దాని మీద బొమ్మ, బోర్డులు రాసేవాడు వేసిన గరిటెముక్కు, పిట్ట కంటే గరిటె పెద్దది. ఈ రేవులో కనిపించిన అరుదైన అతిథి అని కింద అక్షరాలు. ఆ బొమ్మ పక్కన నిలబెట్టి అక్క కూతురు ఆమెకి ఫోటో తీసింది, అప్పటి నుంచే గరిటె పిన్ని అని పేరు పెట్టింది, ఆ పిల్ల స్నేహితులందరికీ ఆమె గరిటె పిన్నే, అసలు పేరు వాళ్ళకి తెలియదు కూడా. సంఘం ఇచ్చిన కాగితాన్ని అక్క పటం కట్టించి ముందు గదిలో కుట్టుమిషను పైన తగిలించింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకి కొలతలు తీసుకుంటూ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, మా చెల్లెలే చూసింది అని చెప్తుంది. ల్యాబులో ఒకసారి డాక్టరొకాయన ఆమె రిపోర్టుని అనుమానించి మళ్ళీ లెక్కపెట్టించబోతే, ల్యాబు పెద్దావిడ, గరిటెముక్కుని పట్టిన కళ్ళండీ అవి, మీకు సందేహం అక్కర్లేదు అంది. ఆ డాక్టరు సంతకం పెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆమె రిపోర్టుని ఎవరూ రెండోసారి చూడలేదు. మొగుడు పోయి, ఇల్లు పోయి, నీకేమీ తెలియలేదా అని జాలిగా అడిగే ముఖాల మధ్య తిరిగిన మనిషికి ఒక్క విషయంలోనైనా, అదిగో ఆవిడ చూడగలదు అన్న పేరు వచ్చింది. అది పిట్ట కాదు ఆమెకి. తను గుడ్డిది కాదనడానికి రుజువు.

నీళ్ళు గీతని తాకాయి. తాకి, ఒక అల వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చి గీతని మింగేశాయి. ఆయన చలికి మఫ్లరు బిగించుకుంటున్నాడు. ఆమె జేబులోంచి కాగితం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఏంటిది?"

"చదవండి. మీరు రాసిందే."

ఆయన మడత ఒక్కటే విప్పాడు. తన చేతిరాత కనిపించగానే ఆగిపోయి, మళ్ళీ ఆ మడత జాగ్రత్తగా పెట్టేశాడు. "నీకు పంపిస్తారనుకోలేదు," అన్నాడు.

తప్పయిపోయింది అనలేదు, చెప్పాల్సింది అనలేదు. పంపిస్తారనుకోలేదట. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే నాకు తెలియకుండానే కానిచ్చేద్దామనుకున్నారన్నమాట."

"చెప్దామనే చూస్తున్నాను. మూడు వారాల నుంచీ..."

"మూడు వారాలు కాదు బావగారూ, పదకొండేళ్ళు. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఐదు నెలల తర్వాత నవ్వావమ్మా నువ్వు. ఏమనమంటావు? అది బురద, నోరు మూసుకో అనమంటావా?"

"అనాల్సింది."

"ఇవాళ అంటున్నావు గానీ ఆ రోజు నీ ముఖం నువ్వు చూసుకోలేదు."

"పోనీ సంతకం పెట్టకుండా ఊరుకోవచ్చుగా."

"పెట్టకపోతే ఎందుకని అడుగుతావు." ఆయన కాగితాన్ని మోకాలి మీద పెట్టి బొటనవేలితో రుద్దాడు. "ఒక్క సంతకమే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. ఇప్పుడేమో అచ్చు వేస్తామంటున్నారు, ఖాయమేనా అని రాసి అడిగారు. నాకూ అరవై దాటాయి. మళ్ళీ అదే అబద్ధం చేత్తో రాయలేకపోయాను."

అబద్ధం చేత్తో రాయలేకపోయాడట, పక్కన కూర్చుని రోజూ చూపులతో చెప్పగలిగాడు. బరువు మోయలేక దించుకున్నాడు, దించుకునేటప్పుడు కింద ఎవరున్నారో చూసుకోలేదు. సంతకం వెనక్కి తీసుకున్నందుకు కాదు తనకి కడుపు మండేది, ఆ రోజు పెట్టినందుకు. చెయ్యి చాచకుండానే చేతిలో పడిన ముష్టి అది, దాన్ని పటం కట్టి గోడకి తగిలిస్తుంటే చూస్తూ మురిసింది. అప్పుడు ఇంకోటి తట్టింది, తట్టగానే అడక్కూడదనుకుంది, అడిగేసింది.

"అక్కకి తెలుసా?"

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "ఆ రాత్రే చెప్పాను. చెప్పద్దంది."

అక్క. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మా చెల్లెలే చూసింది. ఒక్క గుండుసూదైనా గుచ్చుకోలేదా నాలిక్కి. పటానికి మేకు కొట్టింది కూడా బావగారే, అక్క కింద నిలబడి స్టూలు పట్టుకుని, కాస్త ఎడమకి, కాస్త ఎడమకి అని చెప్తుంటే. తను ఆ గుమ్మంలోనే నిలబడి సిగ్గుపడుతోంది, ఇదంతా ఎందుకే అక్కా అంటోంది. ముగ్గురున్న గదిలో ఇద్దరికి తెలుసు. ఆడపడుచు కూర మెచ్చుకుని వెళ్ళినప్పుడు కూడా గదిలో ముగ్గురే ఉన్నారు. మనుషులు మారారు, ఇల్లు మారింది, తను కూర్చున్న చోటు మాత్రం అదే. వాళ్ళు చెడ్డవాళ్ళు, వీళ్ళు మంచివాళ్ళు, వాళ్ళు తమ సుఖం కోసం దాచారు, వీళ్ళు నా సుఖం కోసం దాచారు, అని రెండు పక్కలా పెట్టి తూచి చూసుకుంది. ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఆయన మళ్ళీ నెత్తి మీద చెయ్యి వేస్తాడు.

"వచ్చేస్తున్నాయి," అన్నాడు ఆయన మెల్లగా.

వచ్చేస్తున్నాయి. అవతలి ఒడ్డున మిగిలిన చివరి బురద నాలిక మునిగినట్టుంది, పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. మొదట నల్లటి పొగలా, మలుపు తిరగ్గానే పొట్టలు ఎండకి తెల్లగా మెరిసి, మళ్ళీ నల్లబడి, మంచు మర మీదుగా చుట్టు తిరిగి, జెట్టీ మీద దిగబోయి, ఎందుకో భయపడి మళ్ళీ లేచి, చివరికి దిగాయి. దిగినవాటి మధ్యలోకి ఇంకొన్ని దూరాయి, చోటు లేక ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. చలికి ముక్కులు వీపు ఈకల్లో దోపుకుని కుదురుకున్నాయి. ఏ ముక్కు గరిటెదో ఏది బురదదో ఇక ఎవరికీ తెలియదు. పందొమ్మిదేళ్ళ అలవాటు, ఆమె చేతులు వాటంతటవే బైనాక్యులర్ ఎత్తాయి. మనసులో ఎంత రాద్ధాంతం జరుగుతున్నా కన్ను తన పని తాను చేసుకుపోయింది, ఎడమ చివర నుంచి పది, ఇంకో పది, ఇంకో పది, స్తంభం నుంచి స్తంభానికి వంద లాగా. పక్కన ఆయన చేతిలో, నొక్కితే ఒక్కో అంకె పెరిగే చిన్న మీటర్ టిక్కు టిక్కుమంటోంది, పది పిట్టలకొక నొక్కు. ఈ చప్పుడు ఆమెకి ఎంత ఇష్టమో. ల్యాబులో పని ఎక్కువై తల పగిలిపోతున్నప్పుడు ఈ చప్పుడు తలుచుకునేది. ఇద్దరం వేరే వేరేగా, ఒకే దాన్ని, నిజాయితీగా. లెక్క పూర్తయింది. పదమూడు వందల పది. ఆయన టిక్కులు కూడా ఆగాయి.

ఎప్పుడూ ముందు ఆమె చెప్తుంది. చిన్నదానివి, ముందు నువ్వు చెప్పు అంటాడు ఆయన, ఆమె చెప్తుంది, అప్పుడు ఆయన నవ్వి తనది చెప్తాడు, పదో ఇరవయ్యో తేడా ఉంటుంది, ఇద్దరూ ఆశ్చర్యపోతారు, ఫ్లాస్కులో మిగిలిన టీ పంచుకుంటారు. ఇవాళ ఆమెకి చెప్పబుద్ధి కాలేదు. వేరే ఉద్దేశమేమీ లేదు, అంతే. రిజిస్టరు తెరిచి ఎడమ గడిలో రాసుకుని చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీదెంత?"

"ముందు నువ్వు చెప్పు."

"ఇవాళ మీరు చెప్పండి బావగారూ."

ఆయన మీటర్ ఉన్న చేతిని మెల్లగా కోటు జేబులోకి జార్చాడు. "ఎంతేముంది, నీదానికి దగ్గరే."

"నేనింకా నాదెంతో చెప్పలేదు."

మంచు మర ఆగింది. ఎంతసేపటి నుంచి ఆగి ఉందో ఆమె గమనించలేదు. ఆయన కంటి చుట్టూ ఉన్న ఆ గుండ్రటి ముద్ర ఎర్రబడింది. ఆమె చెయ్యి చాచింది. ఆయన జేబులోంచి మీటర్ తీసి అందులో పెట్టాడు. తొంభై నాలుగు. పది పిట్టలకొక నొక్కు. తొమ్మిది వందల నలభై. ఆమెది పదమూడు వందల పది. పదో వంతు కాదు కదా, మూడో వంతుకి దగ్గర తేడా. ఎవరి కన్ను తప్పిందో, ఆయనదో ఆమెదో, ఆమెకి తెలియలేదు. ఆమె అంకె విన్నాకే తనది చెప్తూ, ఇన్నేళ్ళలో అది తెలుసుకునే అవసరమే రాకుండా చేశాడు ఆయన. ఆమె కుడి గడిలో తొమ్మిది వందల నలభై అని రాసింది. రెండు అంకెలూ పక్కపక్కన ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళవిలా ఉన్నాయి.

తర్వాత రిజిస్టరు తీసుకెళ్ళి ఆయన మోకాళ్ళ మీద పెట్టింది, కాగితం మీదే.

"ఎక్కడి నుంచి?" అని అడిగింది.

ఏమిటి ఎక్కడి నుంచి అని ఆయన అడగలేదు. మఫ్లరు కాస్త వదులు చేసుకుని పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. పోయినేడు, అటు ముందేడు, వాన కురిసిన ఏడు, రేవు మూసేసిన ఏడు. ఆమె ఆయన పక్కనే నిలబడి చూస్తోంది. పదకొండేళ్ళ కిందటి పేజీ దగ్గర ఆగుతాడనుకుంది, ఆగాలని ఒళ్ళంతా కోరుకుంది. అక్కడి నుంచైతే అది జాలి, ఐదు నెలలు నవ్వని మరదలి మీద జాలి, దాన్ని ఎలాగోలా ఓర్చుకుంటుంది. అంతకు ముందు ఎనిమిది చలికాలాలు ఆమె మీద ఎవరికీ ఏ జాలీ ఉండాల్సిన పని లేదు, అప్పుడు ఆమె మామూలు మనిషి, అన్నీ ఉన్న మనిషి, ఆ లెక్కలు మాత్రం ఇద్దరివీ. ఆ పేజీ వచ్చింది. పైన ఆమె గీసిన చిన్న పిట్ట బొమ్మ, కింద పక్కపక్కన రెండు సంతకాలు. ఆయన వేలు దాని మీద ఒక్క క్షణం నిలిచింది. ఆ పేజీ తిప్పేసి, దాని వెనకది కూడా తిప్పి, తల ఎత్తకుండా, ఇంకా వెనక్కి వెళ్తూనే ఉన్నాడు.